పదిహేడు అని రాసిన అమ్మాయి

విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో నేను బోటనీ చెబుతాను. ప్రతి ఏడూ రెండో సంవత్సరం పిల్లల చేత ఉల్లి వేళ్ళ ప్రాక్టికల్ చేయించడం నా వంతు. నీళ్ళు నింపిన సీసా మూతి మీద ఉల్లిపాయను కూర్చోబెడితే నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. ఎండ ఎక్కకముందే వాటి కొసలు తుంచి, ఆల్కహాలూ ఎసిటిక్ ఆసిడూ కలిపిన మందులో వెయ్యాలి. మర్నాడు ఒక కొసను తీసి, ఆసిడ్‌లో కాస్త వెచ్చబెట్టి, ఎర్ర రంగు పట్టించి, గాజు స్లైడు మీద పెట్టాలి. పైన కవర్ స్లిప్ అనే పల్చటి గాజుముక్క వేసి, కాగితం కప్పి, బొటనవేలితో నొక్కాలి. నొక్కు కుదిరితే, విడిపోబోతున్న కణాల్లో క్రోమోజోములు తెగిన దారప్పోగుల్లా విడివిడిగా కనబడతాయి. ఉల్లికి అవి పదహారు. ఏ పుస్తకం తెరిచినా పదహారే.

పదహారని ముందే తెలుసు కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు. పుస్తకంలో బొమ్మ చూసి రికార్డులో దింపుతారు. అది దింపిన బొమ్మేనని నాకు తెలుసు. సంతకం పెట్టేస్తాను.

నేను మాత్రం ఏం చేశాను గనుక? నా పరిశోధన నువ్వుల మొక్క మీద. నువ్వులకు క్రోమోజోములు ఇరవయ్యారు. మరీ చిన్నవి, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. లెక్కపెడితే ఒక కణంలో ఇరవై నాలుగు తేలేది, ఇంకో కణంలో ఇరవై ఏడు. అవన్నీ నా చేతిపనిలో లోపమే అనుకుని పట్టికలో ఇరవయ్యారు, ఇరవయ్యారు అని రాసుకుంటూ పోయాను. మా గైడు ఆ పట్టిక చూసి శుభ్రంగా ఉందన్నారు. రాసిన అంకె తప్పు కాకపోవచ్చు. కానీ నేను చూసింది అది కాదు. ఆ రోజుల నుంచీ, ఎవరైనా మైక్రోస్కోపులో లెక్కపెట్టానని చెబితే నా మనసు నమ్మదు. దొంగకి అందరూ దొంగల్లాగే కనబడతారంటారు కదా.

ఆ అమ్మాయి భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి వచ్చేది. తండ్రి చేపల వేటకు వెళ్తాడు. తల్లి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్ళు తిరిగి అమ్ముకొస్తుంది. రెండు బస్సులు మారి రావాలి కాబట్టి మొదటి గంటకు ఎప్పుడూ ఆలస్యమే. క్లాసులో నోరు విప్పేది కాదు. ల్యాబ్‌లో మాత్రం కదిలేది కాదు. మిగతా పిల్లలు గంటలో ముగించుకుని పోతే, మా అటెండరు తాళాలు పట్టుకుని వచ్చేదాకా ఆమె మైక్రోస్కోపు ముందే ఉండేది. అది నెమ్మదితనం అనుకున్నాను. కొంచెం మందమతి అని కూడా అనుకున్నాను.

ఆ సెమిస్టర్‌లో ఉల్లి క్రోమోజోముల లెక్క ఒక చిన్న ప్రాజెక్టుగా ఇచ్చాను. ఎవరి ఉల్లిపాయ వాళ్ళు తెచ్చుకోవాలి. అందరూ రైతుబజారు నుంచి పెద్ద ఉల్లి తెచ్చారు. ఈమె చిన్న చిన్న ఎర్ర ఉల్లిపాయలు తెచ్చింది. వాళ్ళమ్మ ఏదో ఊళ్ళో చేపలిచ్చి, బదులుగా తెచ్చుకున్నవట.

రికార్డులు దిద్దే రోజున క్లాసు మొత్తం ల్యాబ్‌లో ఉంది. ఆమె పుస్తకం తెరిచాను. ఐదు కణాల బొమ్మలు వేసింది. పెన్సిలు గీత వణికింది, చెరిపిన మచ్చలున్నాయి, అందంగా లేవు. నాలుగింటి కింద పదిహేడు అని, ఒకదాని కింద 'తెలియలేదు' అని రాసింది.

"పదిహేడా?" అన్నాను.

"అవును మేడమ్. ఒకటి సిన్నది ఎక్కువున్నాది. స్లైడు ఉంది మేడమ్, సూడండి" అంది.

మైక్రోస్కోపు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. వంగి చూడడానికి అర నిమిషం పట్టేది. నేను వంగలేదు. రికార్డు పైకెత్తి అందరికీ చూపించి, ఈ మాట అన్నాను.

"ఏమ్మా, తట్టలో చేపలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టావా? అక్కడ ఒకటి ఎక్కువ పడితే కొసరు అంటారు. ఇక్కడ తప్పు అంటారు."

క్లాసంతా నవ్వింది. నిజం చెప్పాలంటే, ఆ నవ్వు నాకు బాగుంది. మాట భలే కుదిరిందనుకున్నాను. ఆమె నవ్వలేదు, ఏడవలేదు కూడా. తల వంచుకుని ఎడమచేతి బొటనవేలికి అంటిన ఎర్ర రంగును కుడిచేత్తో రుద్దుకుంటూ నిలబడింది. పదహారు చేసి తీసుకురమ్మన్నాను. సరే అనలేదు. మర్నాడు రికార్డు ఇచ్చింది. పదిహేడు పదిహేడుగానే ఉంది. దాని పక్కన ఎర్ర సిరాతో 'చూసింది మాత్రమే గీయవలెను' అని రాసి, పాసు మార్కులకు ఒకటి తక్కువ వేశాను.

మాది బొబ్బిలి దగ్గర మెట్ట పంటలు పండించుకునే రైతుల ఇల్లు. యూనివర్సిటీలో చేరిన కొత్తలో 'ఏమిటి' అనకుండా మా ఊరి యాసలో 'ఏటి' అన్నానని హాస్టలు గదంతా నవ్వితే, వారం రోజులు నోరు తెరవలేదు. తర్వాత పట్టుబట్టి భాష మార్చుకున్నాను. అలాంటి నవ్వు మనిషిని ఏం చేస్తుందో తెలియక చేసిన పని కాదిది.

సెలవుల తర్వాత ఆమె రాలేదు. మా అటెండరు, పాతపట్నం దగ్గరి ఊరాయన, రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఒకసారి నాతో ఆ మాట అన్నాడు. ఆ పిల్ల రావడం మానేసిందని. నేను హాజరు పట్టీ చూసి, పెళ్ళి కుదిరిందేమో అన్నాను. మా కాలేజీలో సంవత్సరానికి కొంతమంది అలా కనబడకుండా పోతూనే ఉంటారు. ఎందుకని వెతికే అలవాటు మాకు లేదు.

ఆరు నెలలు గడిచాయి. కాలేజీని పరిశీలించడానికి బయటి నుంచి ఒక బృందం వస్తోందన్నారు. ప్రతి డిపార్టుమెంటూ ఏదో ఒకటి చూపించాలి. కణవిభజన స్లైడ్లు పెడదామనుకున్నాను. కొత్తగా వేళ్ళు మొలిపించే వ్యవధి లేదు. ఫ్రిజ్ తెరిచి చూస్తే, వెనక వరుసలో ఒక చిన్న గాజు సీసాలో ఆల్కహాలులో వేసిన వేరుకొసలు ఉన్నాయి. అలా ఉంచితే నెలల తరబడి చెడవు. సీసా మీద అంటించిన కాగితం తడిసి అక్షరాలు అలికినట్టయ్యాయి. ఎవరివో చూడాలని కూడా అనిపించలేదు. పది కొసల దాకా ఉంటే, నాలుగు తీసి స్లైడ్లు చేశాను.

రెండో స్లైడులో ఒక కణం దొరికింది. అంత చక్కగా విడిన కణం నా పరిశోధన రోజుల్లో కూడా చూడలేదు. సరదాగా లెక్కపెట్టాను. పదిహేడు వచ్చింది. లెక్క తప్పానేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. ఈసారి కాగితం మీద ఒక్కొక్కటీ గీసుకుంటూ లెక్కపెట్టాను. పదహారు పెద్దవి, వాటి పక్కన పొట్టిది ఒకటి. ఇంకో కణం వెతికాను. అందులోనూ పదిహేడే. మూడో స్లైడు, నాలుగో స్లైడు. ఆ పొట్టిది ప్రతి చోటా ఉంది. అరుదుగా కొన్ని మొక్కల్లో అలా అదనంగా ఒకటి ఉంటుందని చదివాను. పాఠంలో చెప్పాను కూడా. కంటితో చూడడం అదే మొదలు.

అప్పుడు సీసాను వెలుతురులో పెట్టి కాగితం చదివాను. ఆమె రోల్ నంబరు.

గదిలో ఎవరూ లేకపోయినా ముఖం తిప్పుకున్నాను. ఆ రోజే ఎవరికైనా చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను చేసింది వేరు. ఫోను మైక్రోస్కోపు కంటికి ఆనించి ఆ కణాన్ని ఫొటో తీశాను. దాన్ని పెద్దదిగా ప్రింటు తీయించి గోడకు పెట్టాను. కింద 'అదనపు క్రోమోజోము గల ఉల్లి' అనీ, డిపార్టుమెంటు పేరూ, నా పేరూ వేయించాను.

బృందంలో ఒక పెద్దాయన ఆ ఫొటో ముందు చాలాసేపు ఆగాడు. కుర్చీ లాక్కుని స్లైడు చూశాడు. తనూ లెక్కపెట్టి, చాలా అరుదైన పని, స్లైడు ఎవరు చేశారని అడిగాడు.

"నేనే చేశానండి" అన్నాను.

అది అబద్ధం కాదు. స్లైడు నేనే చేశాను. అలాంటి నిజాలు ఎంత పనికొస్తాయో ఆ రోజు తెలిసింది. పక్కనే సింకు దగ్గర మా అటెండరు గాజుసామాను కడుగుతున్నాడు. నీళ్ళ చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. ప్రిన్సిపాల్ గారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించాను.

రెండు రోజుల తర్వాత, స్లైడ్లు పెట్టెలో సర్దుతుంటే అటెండరు నా దగ్గరికి వచ్చాడు. అదే సీసా ఆయన చేతిలో ఉంది.

"ఆ గుంట దీన్ని పారెయ్యొద్దన్నాది మేడమ్" అన్నాడు. "మళ్ళీ వచ్చి సూస్తానన్నాది. అందుకే నాను లోపలకి పెట్టీసినాను. మీరు తీసేరని నాకు తెల్దు."

కోపంగా అనలేదు. తన వల్ల ఏదో పొరపాటు జరిగిపోయినట్టు అన్నాడు. సీసాను మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన నిలదీసి ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పి బయటపడేదాన్నేమో.

ఆఫీసులో ఆమె దరఖాస్తు తీయించి ఊరి పేరు రాసుకున్నాను. ఆదివారం పొద్దున భోగాపురం బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాను. ఎయిర్‌పోర్టు పని లారీలతో రోడ్డంతా దుమ్ము. ఆటో డ్రైవరు ఎవరింటికని అడిగితే, ఆ అమ్మాయి తండ్రి పేరు కూడా నాకు తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. కాలేజీలో చదివిన పిల్ల అని చెప్పాను. ఆ వీధిలో అలాంటి పిల్ల ఒక్కతే అట, ఎవరో ఇల్లు చూపించారు.

తల్లి ఇంటి ముందు వలగుడ్డ పరిచి నెత్తళ్ళు, ఆ సన్నచేపలు, ఆరబోస్తోంది. కాలేజీ నుంచి వచ్చానని చెప్పగానే చేతులు కడుక్కుని, లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. మేడమ్ అంటే నువ్వేనా అమ్మా అని మురిసిపోయింది. కూతురు నా గురించి చాలా చెప్పేదట. పాఠం బాగా చెబుతానని, చుక్కంత వేరుముక్కలో ఏముందో చూపిస్తానని చెప్పేదట. మరి ఎందుకు మానేసిందని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఆవిడే చెప్పింది.

"దానికే సదువు మీద మనసు పోయింది తల్లీ. బస్సులు తిరగనేనన్నాది. నాను ఎంతో సెప్పినాను. ఇప్పుడు రొయ్యల కంపెనీకి ఎల్తన్నాది. మీరొచ్చినారు గాబట్టి మీరైనా సెప్పండి."

అంటే ఆ అమ్మాయి ఇంట్లో నా మాట చెప్పలేదు. చేపలమ్మే తల్లికి చేపల మీద వేసిన ఎకసెక్కెం ఎలా చెబుతుంది? తప్పంతా తన మీదే వేసుకుంది. తల్లి ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు అలాగే కింద పెట్టాను.

కూతురు వెనకవైపు నుంచి నీళ్ళ బిందెతో వచ్చింది. నన్ను చూసి ఆగి, బిందె దించి, నమస్కారం మేడమ్ అంది. చేతివేళ్ళు ఐసులో నానీ నానీ తెల్లగా ఉబ్బి ఉన్నాయి. కంపెనీలో రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసే పని అని చెప్పింది. తల్లి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను గబగబా చెప్పేశాను. నువ్వు రాసిందే నిజమని, నేను చూశానని, పదిహేడేనని.

"తెలుసు మేడమ్" అంది. "నాలుగిట్లో సూసేను కదా."

గోడకు పెట్టిన ఫొటో సంగతి, దాని మీద నా పేరు సంగతి కూడా చెప్పాను. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. తిరిగి కాలేజీకి రమ్మన్నాను. పరీక్షలు రాయిస్తానని, ప్రాక్టికల్ మార్కులు సరిచేయిస్తానని, అన్నీ నేను చూసుకుంటానని అన్నాను. ఏదో దయ చూపిస్తున్నట్టుగానే మాట్లాడానని ఇప్పుడు తెలుస్తోంది.

ఆమె అంతా విని, లోపలి గుమ్మం వైపు చూసి, మెల్లగా అంది. "అవన్నీ తర్వాత మేడమ్. ముందు మీరు నన్నేటన్నారో మా అమ్మకి సెప్పండి."

టీ వచ్చింది. తల్లి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నేను మొదలుపెట్టాను. మీ అమ్మాయి లెక్క సరిగ్గా చేసింది, నేనే తప్పన్నాను, నలుగురిలో కోప్పడ్డాను, అందుకే మానేసింది, పొరపాటు నాది అన్నాను. తల్లి తేలిగ్గా నవ్వేసింది. పంతులమ్మలన్నాక కోప్పడరా అంది.

"అది కాదు మేడమ్" అంది కూతురు. "సేపల మాట."

మరి తప్పించుకోవడానికి దారి లేదు. ఆ మాట మొత్తం, తట్ట దగ్గర నుంచి కొసరు దాకా, ఆవిడ ముఖం చూస్తూ మళ్ళీ అన్నాను. క్లాసులో అంత చురుగ్గా ఉన్న మాట ఆ వాకిట్లో ఎంత నీచంగా వినబడిందో చెప్పలేను. మధ్యలో ఆగి కూతురి వైపు చూశాను. కూతురు సాయం రాలేదు. చివరి ముక్క వరకూ నా చేతే అనిపించింది.

తల్లి నవ్వు ఆగిపోయింది. కాసేపు నన్ను, కాసేపు కూతుర్ని చూసింది. "ఇదా ఇన్నాళ్ళూ దాసినావు?" అని కూతుర్ని అడిగింది. లేచి వెళ్ళి నెత్తళ్ళను మళ్ళీ చేత్తో తిరగెయ్యడం మొదలుపెట్టింది. వంగిన నడుం ఎత్తకుండానే, కొంతసేపటికి అంది.

"ఎండెక్కకముందు బయల్దేరండమ్మా. ఇక్కడ ఆటోలు దొరకవు."

వచ్చినప్పుడు నన్ను తల్లీ అని పిలిచింది. వెళ్ళేటప్పుడు అలా పిలవలేదు.

ఆ అమ్మాయి తిరిగి కాలేజీకి వచ్చింది. నా మాట మీద కాదు. తల్లి పంపింది. మొదటి రోజు తల్లే వెంట వచ్చి, గేటు దగ్గర నిలబడి, కూతురు లోపలికి వెళ్ళేదాకా చూసి వెళ్ళిందని వాచ్‌మన్ చెప్పాడు. నేను స్టాఫ్ రూమ్‌లోనే ఉన్నాను. బయటికి రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె ల్యాబ్‌కు వచ్చి సీసా అడిగింది. ఆరు కొసలు మిగిలాయి. అటెండరు దగ్గరుండి అన్నీ అందించాడు. నేను దూరంగా బెంచీ మీద కూర్చున్నాను. ఆమె ఒక్కొక్కటీ చేసింది. ఆ రోజు ఎందుకో ఒక్క కణమూ సరిగ్గా విడలేదు. ఐదు కొసలూ అయిపోయాయి. ఆరోది చెయ్యకుండా సీసాలోనే ఉంచి మూత బిగించింది. మంచి కొసలు నేను వాడేశానేమోనని నాకు అనిపించింది.

గోడ మీది ఫొటో తీయించి, ఆమె పేరుతో వేరేది పెట్టించాను. ఆమె రికార్డులో నేను రాసిన ఎర్ర సిరా వాక్యాన్ని కొట్టేసి, పక్కన తేదీతో సంతకం పెట్టాను. అదే క్లాసులో నిలబడి జరిగింది చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎటు చూడాలో తెలియక కిటికీల వైపు చూశారు. బృందం రాసిన నివేదికలో మాత్రం ఆ పని నా పేరుతోనే అచ్చయింది. దాన్ని సరిచేయమని ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం ఇచ్చాను. అయిపోయినదాన్ని కదపడం దేనికి మేడమ్ అన్నారు. రెండోసారి అడిగాను. మూడోసారి అడగలేదు. ఎందుకు అడగలేదంటే, అలిసిపోయానని చెప్పుకుంటాను. అది పూర్తి నిజం కాదు.

డిగ్రీ అయ్యాక ఆమె భోగాపురం వైపే ఒక రొయ్యపిల్లల హేచరీలో చేరింది. అక్కడ చిన్న ల్యాబ్ ఉంది. రొయ్యపిల్లలకు రోగం పట్టిందో లేదో రోజూ మైక్రోస్కోపులో చూసి చెప్పాలి. కిందటి నెల ఒకరోజు నాకు ఫోను చేసింది. రంగు సరిగ్గా పట్టడం లేదు, ఎంతసేపు ఉంచాలని అడిగింది. చెప్పాను. ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది. అవీ చెప్పాను. ఎలా ఉన్నారని అడగలేదు. సరే మేడమ్, ఉంటాను అని పెట్టేసింది.

అడగడానికి నేను గుర్తొచ్చానని సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని క్షమాపణ కింద జమకట్టుకోబోతున్నానని గ్రహించేసరికి, దానికీ సిగ్గుపడ్డాను. ఆమెకు కావలసింది రంగు ఎంతసేపు ఉంచాలన్న సంగతి. అది చెప్పాను, అంతే.